నాన్న పళ్ళు

జగ్గయ్యపేట,
7 సెప్టెంబరు 2025

రమణీ,

మీ ఇద్దరూ చల్లగా ఉండాలి. ముందు ఈ ముక్క రాసి ఆ తర్వాతే కోపాలైనా తాపాలైనా రాయాలని మా అమ్మ చెప్పేది, అందుకని రాశాను.

ఇవాళ రాత్రికి గ్రహణం. వంట పెందలాడే కానిచ్చేశా. మీ అన్నయ్యగారు ఆవకాయ జాడీ మీద వెయ్యడానికి దర్భలు వెతుక్కుంటున్నారు. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు, ఇప్పుడు కుడిది కూడా దాని దారే పట్టింది. ఫోనులో నీ గొంతు గుయ్యిమని మోగడం తప్ప ఒక్క మాట అందదు. కాగితమైతే కళ్ళజోడు చాలు.

పక్కింటి సతీష్‌బాబు రేపు ఎలాగూ నందిగామ ఆఫీసుకి బస్సెక్కుతాడు. అతని చేతికిస్తున్న సంచిలో పేస్టులు రెండున్నాయి. ఎప్పుడూ పంపేవే, పళ్ళు జివ్వుమనేవాళ్ళు వాడేవి. బసవయ్య హోల్‌సేలు కొట్లో రెండు కొంటే ఒకటి ఊరికే ఇస్తున్నాడని తెలిసి, చవితి వెళ్ళిన మర్నాడే పోయి ఓ పెట్టెడు తెచ్చా. మీ అన్నయ్యగారు "కొట్టు పెడతావా ఏమిటి" అన్నారు. ఆయనకేం, ఐసుగడ్డ కొరికే మనిషి. నా బాధ, నా తమ్ముడి బాధ ఆయనకి ఎలా తెలుస్తాయి.

సుబ్బుకి మళ్ళీ చెప్పు. పేస్టు శనగగింజంత చాలు. టీవీలో చూపించినట్టు బ్రష్షు పొడుగునా పరిస్తే కంపెనీవాడు బాగుపడతాడు, మనం కాదు. తోమాక ఉమ్మెయ్యాలి గాని నీళ్ళతో పుక్కిలించకూడదు, మందు కాస్సేపు పళ్ళని పట్టుకుని ఉండాలి. ట్యూబుని అడుగు నుంచి దువ్వెన వీపుతో నెట్టుకుంటూ రావాలి. ఇక రాదు అనుకున్నాక నడుం దగ్గర కత్తెరతో కోస్తే ఇంకో వారం వస్తుంది. కోసినచోట బట్టల క్లిప్పు పెడితే ఎండిపోదు. మా నాన్నకి ఇవన్నీ ఎక్కడివి? లవంగ నూనె రాసుకుని, ఒక్క దవడతో నమిలి బతికాడు పాపం. ఆ పళ్ళే మా ఇద్దరికీ వచ్చాయి. పొలం రాలేదు, పుట్రా రాలేదు, పళ్ళు వచ్చాయి.

సతీష్‌బాబు ఓ మాట చెప్పాడు. పోయిన వారం మీ బస్టాండు దగ్గర మందుల షాపులో సుబ్బు పేస్టు కొంటుంటే చూశాడట. నేను పంపేవి చాలట్లేదా? లేక ఎవరైనా ధారాళంగా వాడేస్తున్నారా? మనసులో ఏమీ పెట్టుకుని కాదు, ఊరికే అడిగా.

కార్తీక విదియ అక్టోబరు ఇరవైమూడు, గురువారం వచ్చింది. తమ్ముడు అక్క చేతి వంట తినే రోజు. వాడు ఎన్నడూ తప్పలేదు. ఇప్పట్నించే చెప్పి ఉంచు.

మీ వదిన,
కమలాంబ


నందిగామ,
13 సెప్టెంబరు

వదినగారికి నమస్కారాలు.

ఇవాళ రెండో శనివారం, బడి లేదు. నాలుగో తరగతి నోటుపుస్తకాలు పక్కన పెట్టి మీకు రాస్తున్నాను.

పేస్టులు అందాయి. మీరు ఊరికే అడిగారు కాబట్టి నేనూ ఊరికే చెబుతున్నాను. ఆ రోజు ఆయన కొన్నది నాకోసం. రెండు నెలల నుంచి నాకూ పళ్ళు జివ్వుమంటున్నాయి. బడిలో అరిచి అరిచి ఇంటికొచ్చి గుక్కెడు కుండనీళ్ళు తాగితే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. డాక్టర్ సింధూర అని కొత్తగా క్లినిక్కు పెట్టిన అమ్మాయికి చూపించుకున్నాను. "మీరు పళ్ళు తోముతున్నారా, అంట్లు తోముతున్నారా మేడం" అంది. గట్టి బ్రష్షు వాడి వాడి చిగుళ్ళు జారాయట.

ఆ అమ్మాయే ఒక ఉపాయం చెప్పింది. పెట్టె ముందువైపు బొమ్మ చూడకుండా వెనకవైపు చిన్న అక్షరాలు చదవమంది. అలాగే మీ కంపెనీదీ, షాపులో ఊరూ పేరూ లేని కంపెనీదీ పక్కపక్కన పెట్టి చదివాను. ఒకటే మందు, ఒకటే శాతం. ధర మాత్రం సగం. మీ బసవయ్య ఊరికే ఇచ్చినదాన్ని కలిపి చూసినా నాదే చవక. మీకూ ఒకటి పంపుతున్నాను. నెల రోజులు మానకుండా వాడితేగాని గుణం తెలియదట.

మీ తమ్ముడికి కూడా ఇచ్చాను. ముట్టుకోలేదు. "అక్కయ్య పంపింది ఉందిగా" అన్నారు. సరే, ఇద్దరిదీ ఒకటే బాధ కదా, మీరు పంపినదాంట్లోంచి నేనూ కాస్త తీసుకుంటానన్నాను. "అది అక్కయ్య నాకు పంపింది" అని, చెప్పులేసుకుని వెళ్ళి నాకు వేరేది కొనుక్కొచ్చారు. సతీష్‌బాబుగారు చూసింది అదే. నా ఇంట్లో, నా బాత్‌రూములో, నా మొగుడి పేస్టు నేను తాకకూడదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

విదియ సంగతి చెప్పాను. వస్తారు.

ఉంటాను,
రోజారమణి


జగ్గయ్యపేట,
21 సెప్టెంబరు

రమణీ,

చల్లగా ఉండండి. రాశా కదా, ఇక విను.

ఇవాళ మహాలయ అమావాస్య. పొద్దున్న నాన్నని తలుచుకుంటూనే నీ ఉత్తరం మళ్ళీ చదివా, ఒళ్ళు మండింది. నీకు పళ్ళు జివ్వుమంటున్నాయా? నీకెక్కడివమ్మా అవి? పెళ్ళయిన మర్నాడు మా పెరట్లో నిలబడి చెరుకుగడ మొదలంటా నమిలిన పిల్లవి నువ్వు. మీ నాన్నగారు డెబ్భై దాటాక కూడా జంతికలు పటపటలాడించేవారు. మీ వైపు అందరివీ ఇనప పళ్ళు. జివ్వుమనడం మా ఇంటి సొత్తు.

వాడి ఇల్లు నీది. వాడి పెన్షను నీది. పొద్దున్నే వాడి మొహం చూసేది నువ్వు. వాడి నోట్లో పళ్ళు ఒక్కటే నాకంటూ మిగిలాయి. అందులో కూడా వాటా కావాలా నీకు?

నాన్న పోయిన ఏడాది విదియకి వాడు నా ముందు కూర్చుని చల్లటి మజ్జిగ తాగి, చెంప పట్టుకున్నాడు. "ఒరేయ్, నీకూ వచ్చాయా నాన్న పళ్ళు" అన్నా. అప్పట్నించి నాకు నాన్న పోయాడనే అనిపించలేదు. ఇది నీకు చెబితే అర్థం కాదు, అయినా చెబుతున్నా.

నువ్వు పంపిన ఊరూ పేరూ లేనిది వచ్చింది. వెండి కుంకుమభరిణ తోమి చూశా, బాగానే మెరిసింది. పళ్ళకి పెట్టుకునే ధైర్యం నాకు లేదు.

ఈసారి ఆరు పంపుతున్నా. వాడికీ, కావాలంటే నీకూ. నా తమ్ముడు బజార్లో నిలబడి పేస్టు కొనడం ఇంకోసారి నా చెవిన పడకూడదు, ఉన్న ఒక్క చెవిలో.

కమలాంబ


నందిగామ,
28 సెప్టెంబరు

గౌరవనీయులైన కమలాంబగారికి,

మీరు పంపిన ఆరింటిలో రెండు ఉంచుకుని నాలుగు తిప్పి పంపుతున్నాను. కోపంతో కాదు. ఈ నెల ఇరవైరెండు నుంచి పేస్టుల మీద పన్ను తగ్గింది, పేపర్లో వచ్చింది, మీరు చూడలేదేమో. పద్దెనిమిది శాతం ఉన్నది ఐదు అయింది. మీరు ముందే పెట్టెడు కొని పెట్టుకున్నారు. బసవయ్య రెండు కొంటే ఒకటి ఎందుకిచ్చాడో ఇప్పుడు అర్థమవుతోంది నాకు. పాత సరుకు వదిలించుకున్నాడు. మీ దగ్గరే ఉంచుకుని మెల్లగా వాడుకోండి, మీకే పనికొస్తాయి.

మీ తమ్ముడి చేతే సంచిలో పెట్టించాను. నేను తాకలేదు, అనుమానం పెట్టుకోకండి.

నా పళ్ళ గురించి మా నాన్నగారిని ఎత్తారు. పోయినవారి పళ్ళు లెక్కపెట్టడం మా ఇంట్లో అలవాటు లేదు కాబట్టి జవాబు రాయను. కానీ వాటా అన్నారు చూడండి, దానికి రాస్తాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన మీ ఉత్తరం వస్తే నిలబడే చదివేవారు, నేను కాఫీ పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. అది పోయిందనుకుంటే ఈ పేస్టు వచ్చింది. అరలో మీ ట్యూబు దేవుడి పటంలా నిలబడి ఉంటుంది. నేను ఎంత మంచిది తెచ్చినా "అక్కయ్యది ఉంది". నెలల తరబడి అరగదు, అంత పొదుపుగా వాడతారు. నేను ఇచ్చిన రుమాలు మాత్రం రెండో రోజుకే బస్సులో పారేసుకుంటారు. అసూయ అనుకుంటారా, అనుకోండి. అవును, అసూయే.

రోజారమణి


జగ్గయ్యపేట,
5 అక్టోబరు

సుబ్రహ్మణ్యం భార్యకి,

ఆడపడుచు ఇచ్చింది తిప్పి పంపే ఇల్లు నేను ఇదే చూడటం. పన్ను తగ్గితే ప్రేమ కూడా తగ్గించాలని పేపర్లో వచ్చిందా?

పెట్టెలో సర్దబోతూ చూశా. నాలుగిట్లో ఒకటి ఈ ఏడాదిది కాదు. నేను పంపే ప్రతి ట్యూబు మడత మీద పెన్నుతో 'సు' అని రాస్తా, నావీ వాడివీ కలిసిపోకుండా. పోయినేడు నుంచి పచ్చ పెన్ను. దీని మీద నీలం సిరాతో ఉంది. భూతద్దం పెట్టి చూస్తే గడువు దాటి ఏడాదైంది. మూత కూడా తియ్యలేదు. నేను ఎప్పుడో పంపింది ఇది.

అంటే వాడికి అందలేదన్నమాట. నెలల తరబడి అరగదు అని ఎంత తియ్యగా రాశావు. చేతికిస్తేగా అరగడానికి. నేను ఇక్కడ శనగగింజలో సగం పెట్టుకుని, చలికాలం వేడినీళ్ళతో నోరు కడుక్కుని, మిగిల్చి మిగిల్చి పంపితే నువ్వు అక్కడ దాచి పెట్టావా? వాడేమో నోరు తెరిచి అడిగే రకం కాదు. ఇన్నేళ్ళూ ఆ నొప్పితోనే అన్నం తిన్నాడా నా తమ్ముడు?

మీ అన్నయ్యగారు "తొందరపడకే" అంటున్నారు. తొందర కాదు, ఇప్పటికే ఆలస్యమైంది. విదియనాడు వాడు మా గుమ్మం ఎక్కకపోతే అది ఎవరి పనో నాకు తెలుసు. ఎక్కితే వాణ్ణే అడుగుతా.

కమలాంబ


నందిగామ,
11 అక్టోబరు

వదినగారికి,

మీ ఉత్తరం చదివి నేను భోజనం చెయ్యలేదు. దొంగతనం అంటగట్టించుకుని అన్నం తినే అలవాటు నాకు లేదు.

ఆయన మునేరు వైపు నడకకి వెళ్ళినప్పుడు ఇల్లంతా వెతికాను. పుస్తకాల బీరువా అడుగున, ఆయన కాలేజీలో చెప్పే రోజుల నాటి ఫిజిక్సు పుస్తకాల వెనక దొరికాయి. ఒకటీ రెండూ కాదు, బోలెడు. అన్నిటి మీదా 'సు'. మూత తియ్యనివి. నడక నుంచి రాగానే బల్ల మీద పోసి చూపించి, ఇదేమిటన్నాను. కళ్ళజోడు తుడుచుకుంటూ, మొన్న సంచి సర్దినప్పుడు వీటిలోదొకటి అందులో కలిసిపోయిందన్నారు.

మీకు చెప్పొద్దన్నారు. నేను చెబుతున్నాను, ఎందుకంటే నన్ను దొంగ అన్నారు.

ఆయనకి పళ్ళ బాధ లేదు వదినగారూ. ఎప్పుడూ లేదు. పొద్దున్నే నడకలో వేపపుల్ల విరిచి తోముకుని వస్తారు. అరలో ఉన్న ట్యూబు నేనూ చుట్టాలూ చూడ్డానికే. అప్పుడప్పుడు కాస్త నొక్కి బేసిన్లో వదిలేస్తారట, తగ్గినట్టు కనపడాలి కదా.

మీరు రాసిన ఆ మజ్జిగ రోజు గురించి అడిగాను. అంతకు ముందు మీరు ఆయన్ని చూసి "నీ నడక, నీ మాట అన్నీ అమ్మవేరా, నాన్నది ఒక్కటీ రాలేదు నీకు" అని కళ్ళు తుడుచుకున్నారట. ఆ కాసేపటికి ఆయన నాలుక కరుచుకుని చెంప పట్టుకుంటే, నాన్న పళ్ళా అని మీ మొహం చేటంతైందట. "అవునన్నాను. ఆ తర్వాత కాదనడానికి నాకు చోటు దొరకలేదు" అన్నారు. నాకెందుకు ఇవ్వలేదు వాటిని అన్నాను. "నీకిస్తే నాకు అక్కర్లేదని ఒప్పుకున్నట్టే కదా. పారెయ్యడానికి చేతులు రాలేదు" అన్నారు.

కాబట్టి మామగారి పళ్ళు మీ ఒక్కరికే వచ్చాయి. నిజంగా జివ్వుమనేది మీవీ, నావీ. ఇష్టమున్నా లేకపోయినా ఆ వాటా మనిద్దరిదే.

రోజారమణి


జగ్గయ్యపేట,
13 అక్టోబరు

రమణికి,

నమ్మను. ఇది నీ కల్పన. ఎక్కడ నొక్కితే నాకు నొప్పి పుడుతుందో తెలుసుకుని నొక్కావు.

వాడు నాలుక కరుచుకున్నాడా. పేస్టు బేసిన్లో పారబోశాడా. నా తమ్ముడు? మా ఇంట పుట్టినవాడు ఆ పని చెయ్యడు.

విదియకి పంపు. నా కళ్ళతో నేను చూస్తా.

కమలాంబ


నందిగామ,
19 అక్టోబరు

వదినగారికి,

గురువారం పొద్దున్నే బయల్దేరి వస్తున్నారు. నాకు బడి ఉంది, రావట్లేదు. నేను మీకు రాసినట్టు ఆయనకి తెలియదు. చెప్పి ఆయన్ని చిన్నబుచ్చకండి, ఈ ఒక్కటీ అడుగుతున్నాను.

మీకు చీర ఆయనే ఎంచారు. నేను సాయం వస్తానంటే వద్దన్నారు.

రమణి


జగ్గయ్యపేట,
24 అక్టోబరు

రమణీ,

చల్లగా ఉండండి.

వాడు పదిన్నరకి వచ్చాడు. చీర ఇచ్చాడు, వంకాయ రంగు, జరీ సన్నంగా ఉంది. బాగుంది. నువ్వు ఎంచలేదని రాశావు కాబట్టి ఇంకా బాగుంది.

పులిహోర, కందాబచ్చలి, కొబ్బరి పచ్చడి, ముద్దపప్పు, గారెలు, పరమాన్నం. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. మీ అన్నయ్యగారు పక్కన. నేను వడ్డించా. ప్రతి ముద్దా చూశా. వాడు గారె కొరికిన చప్పుడు నా చెవిటి చెవికి కూడా వినపడింది.

సీతాఫలాలు ముందురోజు రాత్రే ఫ్రిజ్జులో పెట్టా. పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. నేనైతే ఆ పండు వంక చూడటానికే భయపడతా. భోజనమయ్యాక రెండు తెచ్చి వాడి ముందు పెట్టా. పండు విప్పి గుజ్జు నోట్లో వేసుకుని, గింజలు ఊస్తూ, మీ వీధిలో కొత్తగా వేస్తున్న కాలవ గురించి చెబుతున్నాడు. నేను గోడకి ఆనుకుని చూస్తున్నా. ఒక పండు అయింది. రెండోది సగమైంది. అప్పుడు తలెత్తి నా మొహం చూశాడు. చూసి, టక్కున చెంప మీద చెయ్యేసుకుని, "అబ్బ, అక్కయ్యా, జివ్వుమంది" అన్నాడు.

కుడి చెంప పట్టుకున్నాడు. పండేమో ఎడమ దవడన ఉంది.

లాగి ఒక్కటివ్వాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ మానేసి, లోపలికెళ్ళి గోరువెచ్చటి నీళ్ళు తెచ్చిచ్చా. తాగాడు. మందు తాగినట్టు కళ్ళు మూసుకుని తాగాడు, దొంగ వెధవ. నేనేమీ అడగలేదు. నువ్వు చెప్పావని కాదు, నాకే నోరు రాలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి "పేస్టు మర్చిపోయావేమిటి" అన్నాడు. తెచ్చిచ్చా. ఏం చెయ్యను.

రాత్రంతా నిద్ర లేదు. నాన్న మళ్ళీ పోయినట్టయింది. ఒకటి మాత్రం తెల్లారేసరికి తేల్చుకున్నా. నువ్వు రాసింది నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ గెలిచానని మురవకు. వాడు నాకోసం ఇన్నేళ్ళూ లేని నొప్పి పడ్డాడు. అక్కర్లేని పేస్టు మోసుకెళ్ళి బీరువాలో దాచుకున్నాడు. భార్యకి కూడా తెలియనివ్వలేదు. నీకోసం ఏం పడ్డాడో, ఏం దాచాడో చెప్పు చూద్దాం. ఒక్కటి చెప్పు.

కమలాంబ


నందిగామ,
2 నవంబరు

వదినగారికి,

మీ చివరి మాట నన్ను వారం రోజులు పీక్కుతింది. బడిలో హాజరు పిలుస్తూ కూడా అదే ఆలోచన. నాకోసం ఏం నటిస్తున్నారు ఈ మనిషి?

పరీక్ష పెట్టాను. సోమవారం డికాషను చిక్కగా, చేదుగా కాఫీ ఇచ్చాను. "కషాయమా ఇది" అని వెనక్కిచ్చారు. మీకు తెచ్చిన చీరలాంటిది నాకూ తెచ్చుకుని కట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. పేపరు దించి చూసి, "ఆ రంగు నీకు నప్పదు, అక్కయ్యకైతే నప్పుతుంది" అన్నారు. మా తమ్ముడు ఇంటికొస్తున్నాడంటే "మళ్ళీనా" అన్నారు. నిన్న దోసకాయ పప్పులో ఉప్పెక్కువైంది, అది పరీక్ష కాదు, నిజంగానే ఎక్కువైంది. ఒక ముద్ద తిని కంచం అవతలికి జరిపేశారు. "నువ్వు తిని చూశావా దీన్ని" అని లేచిపోయారు.

పెళ్ళిరోజు మర్చిపోతే మర్చిపోయానని చెబుతారు. నా పాట బాగుండదంటారు. ఎంత వెతికినా ఒక్క అబద్ధం దొరకలేదు వదినగారూ. ఇన్నేళ్ళ కాపురంలో నా మొహం వెలగాలని ఒక్కసారి, ఒక్క చిన్న అబద్ధం ఆడలేకపోయారా? మీకోసం అయితే మొదలుపెట్టినదాన్ని ఇన్నేళ్ళు మోశారు. పేస్టు మీద అసూయపడ్డాను ఇన్నాళ్ళూ, ఇప్పుడు ఆ అబద్ధం మీద పడుతున్నాను. అది మీకు దక్కింది. నాకు ఉప్పెక్కువైందన్న మాట దక్కింది.

మీరే గెలిచారు. రాసి ఇస్తున్నాను.

రమణి


జగ్గయ్యపేట,
6 నవంబరు

రమణీ,

నీ ఉత్తరం నిన్న పొద్దుపోయాక వచ్చింది. గెలిచానని నువ్వే రాసిచ్చావు కదా, మీ అన్నయ్యగారికి చదివి వినిపిద్దామని గట్టిగా మొదలుపెట్టా. కంచం జరిపేశారు అన్నచోట ఆగిపోయా.

వాడు నీ దగ్గర కంచం జరుపుతాడా?

మా ఇంట్లో జరపలేదు. ఇన్ని విదియల్లో ఎన్నడూ జరపలేదు. మొన్న ముద్దపప్పులో నేను అసలు ఉప్పే వెయ్యలేదట. మర్నాడు మీ అన్నయ్యగారు చెబితే తెలిసింది. వాడు మాత్రం "పప్పు బ్రహ్మాండంగా ఉందక్కయ్యా" అని మారు వడ్డించుకున్నాడు. నేను మురిసిపోయా. చుట్టాలింట్లో అలాగే తింటారు రమణీ. చీర తెస్తారు, పీట మీద కూర్చుంటారు, పెట్టిందల్లా బాగుందంటారు, చెంప పట్టుకోమంటే పట్టుకుంటారు.

చిన్నప్పుడు ఇలా కాదు వాడు. నేను చేసిన మొదటి ఉప్మా నోట్లో పెట్టుకుని నా ముందే ఊసేశాడు. జుట్టు పట్టుకున్నాం ఇద్దరం. అమ్మ వచ్చి విడదీసింది. ఆ సుబ్బు నాకు మర్యాద చెయ్యడం ఎప్పుడు మొదలుపెట్టాడో నేను చూసుకోలేదు. వాడి పళ్ళు నావి అనుకుంటూ కూర్చున్నా. వాడి కోపం, విసుగు, నచ్చలేదన్న మాట, అన్నీ నీ ఇంటికి చేరిపోయాయి. అబద్ధం నాకు దక్కిందని ఏడుస్తున్నావు. నీకు దక్కింది చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. తీసుకో నీ గెలుపు, నాకొద్దు.

సంచిలో పేస్టులు నీకు. వాడికి చెప్పకు. చెబితే వాడు నొప్పి మానెయ్యాలి, అది వాడికీ కష్టం, నాకూ కష్టం. పాతవన్నీ నాకు పంపించెయ్యి, ఇత్తడి సామాను తోముకుంటా. ఊరూ పేరూ లేనిది నెల నుంచి నేనూ పెట్టుకుంటున్నా. మందు పనిచేస్తోంది. ఎవరితోనూ అనకు, ముఖ్యంగా బసవయ్య చెవిన పడకూడదు.

ఇంకొక్కటి. ఈ ఆదివారం వాణ్ణి ఒక్కణ్ణే భోజనానికి పంపు. పండగా లేదు, విదియా లేదు, ఏమీ లేదు, అక్క రమ్మందని చెప్పు. పీట వెయ్యను. వంటింట్లో కింద కూర్చోబెట్టి పెడతా. పప్పులో గుప్పెడు ఉప్పు వేస్తున్నా, ఎవరూ తినలేనంత. వాడు కంచం జరిపి నన్ను నాలుగు తిట్టాడా, నా తమ్ముడు నాకు దొరికినట్టే, సాయంత్రం బస్సుకి పంపిస్తా. నోరు మూసుకుని తినేశాడా, ఇక నువ్వే ఉంచుకో.

కమలాంబ